గుర్దా దగ్గరికి ఎన్ని దారులు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశం, నరసరావుపేట. ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పోయిన నెల నాకు ఫోన్ చేసి, "డాక్టరు సాబ్, మన దగ్గరికి సాయం కోసం వచ్చే దరఖాస్తుల్లో కిడ్నీ కేసులే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఒకరి కాగితంలో డొక్కలో పెద్ద కోత అని ఉంటుంది. ఇంకొకరి కాగితంలో చిన్న రంధ్రం అని ఉంటుంది. మూడోవాళ్ళు కోతే లేదంటారు. జబ్బు మాత్రం ముగ్గురికీ కిడ్నీలో రాయే. డబ్బిచ్చే దాతలు ఇందులో ఏది నిజమని అడుగుతున్నారు. మీరొచ్చి చెప్పండి" అన్నారు. మూడూ నిజమే. అది ఎలాగో చెప్పడానికే వచ్చాను.

ముందు కిడ్నీ ఎక్కడుంటుందో తెలియాలి. ఇది చెప్పడానికి నాకు బొమ్మలు అక్కరలేదు. బక్రీద్ రోజు పొట్టేలును వేలాడదీసి తోలు తీశాక, ఖసాయి భాయ్ ముందు పొట్ట చీలుస్తాడు. పేగులన్నీ బయటికి జారతాయి. ఆ తర్వాత కలేజా తీస్తాడు. అప్పటికీ గుర్దాలు కనపడవు. లోపల వెన్నుపూసకు అటూ ఇటూ తెల్లటి కొవ్వు ముద్దలుంటాయి. వాటిని వేలితో చీలిస్తే అప్పుడు గుర్దా జారి చేతిలోకొస్తుంది. మనిషిలోనూ అంతే. అందరూ కిడ్నీ పొట్టలో ఉందనుకుంటారు గానీ అది పొట్ట సంచికి బయట, వీపు వైపు ఉంటుంది. పై సగం పదకొండు, పన్నెండో పక్కటెముకల చాటున దాక్కుంటుంది. కుడిదాని మీద కాలేయం ఉంటుంది కాబట్టి అది కాస్త కిందికి ఉంటుంది. ఎడమదాని పక్కన ప్లీహం ఉంటుంది. రెండింటి ముందూ పెద్దపేగు ఉంటుంది. పైన వెనకభాగాన ఊపిరితిత్తుల పొర పన్నెండో పక్కటెముక దాకా దిగి ఉంటుంది. ఇక దీని పరిమాణం గుప్పెడంతే, కానీ గుండె నిమిషానికి తోసే రక్తంలో దాదాపు ఐదో వంతు ఈ రెండింటిలోకే పోతుంది. అంటే ఎటు నుంచి వెళ్ళినా కాపలాదారులున్నారు. కాపలా దాటి లోపలికి పోయాక రక్తపు కాలువలున్నాయి. సర్జన్లు నూట యాభై ఏళ్ళుగా కిడ్నీ దగ్గరికి దారి కోసమే వెతుకుతున్నారు.

పాతకాలపు వైద్యులకు రాళ్ళు తెలియవని కాదు. సుశ్రుతుడు మూత్రాశయంలో రాయిని తీసే పద్ధతి రాశాడు. పదో శతాబ్దంలో కార్డోబాకు చెందిన అల్ జహ్రావీ తన ముప్పై భాగాల 'అత్తస్రీఫ్'లో పనిముట్ల బొమ్మలు వేసి మరీ దాన్ని వివరించాడు. మూత్రమార్గంలో ఇరుక్కున్న రాయిని తొలిచే సన్నని పరికరం కూడా అందులో ఉంది. మన సభల్లో ఈ పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మామూలే. కానీ ఉన్నమాట చెప్పాలి. వాళ్ళు రాళ్ళు తీసింది కింద మూత్రపు సంచి నుంచి. పైన ఉన్న కిడ్నీ జోలికి వెళ్ళే ధైర్యం వేల ఏళ్ళ పాటు ఎవరికీ చాలలేదు. మత్తుమందు లేదు, లోపలికి వెళ్తే రక్తం ఆగదు.

ఆ ధైర్యం 1869 ఆగస్టులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్టావ్ సైమన్ అనే సర్జన్ చేశాడు. ఒక స్త్రీకి అంతకుముందు జరిగిన ఆపరేషన్‌లో మూత్రనాళం దెబ్బతిని మూత్రం ఆగకుండా కారిపోతోంది. ఒక కిడ్నీ తీసేస్తే రెండోదానితో మనిషి బతుకుతాడా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయన ముందు కుక్కల మీద చేసి చూసుకున్నాడు. ఆ తర్వాత ఆమెకు నడుము వైపు నుంచి కోసి కిడ్నీ తీశాడు. ఆమె బతికింది. ఆయన పొట్ట వైపు నుంచి వెళ్ళకుండా వీపు వైపు నుంచి వెళ్ళడం గమనించండి. అప్పటికి పొట్ట సంచి తెరిస్తే చీము పట్టి చావడమే ఎక్కువ.

అక్కడి నుంచి నూరేళ్ళ పైచిలుకు డొక్క కోతే రాజ్యమేలింది. నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో మేము చూసిందీ, నేర్చుకున్నదీ అదే. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము కింద బల్లను పైకి లేపితే డొక్క విల్లులా సాగుతుంది. పన్నెండో పక్కటెముక మీదుగా జానెడు కంటే పొడుగ్గా కోత. ఒకదాని కింద ఒకటి మూడు పొరల కండరాలు. ఒక్కోసారి దారి చాలక పక్కటెముక ముక్కను కత్తిరించి తీసేస్తారు. పక్కటెముక కిందనే ఒక నరం పోతుంది. అది నలిగినా తెగినా ఆ వైపు కండరం పట్టు కోల్పోతుంది. గాయం మానాక కూడా డొక్క ఉబ్బి ఉంటుంది. హెర్నియా అనుకుని మళ్ళీ ఆస్పత్రులు తిరుగుతారు. అది హెర్నియా కాదు, నరం చచ్చిన కండరం. దానికి మళ్ళీ ఆపరేషన్ చేసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషికి ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. మన దగ్గరికొచ్చే వాళ్ళెవరు? దాచేపల్లి, మాచర్ల వైపు రాయి మోసేవాళ్ళు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వాళ్ళు, మిర్చి బస్తాలెత్తే హమాలీలు, లారీ డ్రైవర్లు. వాళ్ళకు డొక్క కండరమే పెట్టుబడి. కోత ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలు బరువెత్తొద్దంటాం. చెప్పడం మాకు తేలికే. ఆ రెండు మూడు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది మా చీటీలో రాయం.

ఇక్కడ పల్నాడు వాళ్ళం మరవకూడని సంగతి ఒకటుంది. 2000 సంవత్సరంలో రెంటచింతల ప్రాంతంలో అప్పులపాలైన పత్తిరైతులు కిడ్నీలు అమ్ముకున్న వార్త దేశమంతా పాకింది. అప్పటికి దాత నుంచి కిడ్నీ తీయాలంటే మన దేశంలో చాలాచోట్ల ఈ డొక్క కోతే. అమ్ముకున్నవాడు అప్పు తీర్చడానికి ఏ ఒంటిని నమ్ముకున్నాడో ఆ ఒంటినే సగం పోగొట్టుకున్నాడు. అవయవాల అమ్మకాన్ని నేరం చేసిన చట్టం 1994లోనే వచ్చింది. అయినా జరిగింది. ఎండ, నీటి కరువు, అప్పు, కిడ్నీ, ఈ నాలుగూ మన గడ్డ మీద ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినని సంవత్సరం ఉందా? ఆ ఎండలో చెమటోడ్చి, చాలినంత నీళ్ళు తాగనివాడి మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడ్డ మూత్రంలోనే రాయి పుడుతుంది.

ఇక దారి మారిన కథకు వస్తాను. 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, జొహాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక ఆలోచన చేశారు. మూత్రం ఆగిపోయిన కిడ్నీలోకి వీపు నుంచి సూది గుచ్చి మూత్రం బయటికి తీయడం అప్పటికే తెలుసు. అదే సూది దారిని వెడల్పు చేసుకుంటూ పోతే అందులోంచి రాయినే లాగొచ్చు గదా అనుకున్నారు, లాగారు. దాన్నే ఇవాళ పీసీఎన్‌ఎల్ అంటున్నాం. మీ దరఖాస్తుల్లో 'రంధ్రం' అని కనపడేది ఇదే.

ఇది ఎలా చేస్తామో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ డబ్బు ఎక్కువగా పోతున్నది దీని మీదే. ముందు కింది నుంచి, మూత్రం వచ్చే దారిలోంచి సన్నని గొట్టాన్ని కిడ్నీ దాకా పంపుతాం. అందులోంచి ఎక్స్‌రేలో కనపడే మందు ఎక్కిస్తే కిడ్నీ లోపలి గదులన్నీ తెర మీద చెట్టుకొమ్మల్లా కనపడతాయి. అప్పుడు రోగిని బోర్లా తిప్పి, వీపు వైపు నుంచి సూదితో ఒక కొమ్మ చివరను గుచ్చుతాం. ఎక్కడ పడితే అక్కడ గుచ్చితే రక్తం చిమ్ముతుంది. కిడ్నీలో ముందు వైపు రక్తనాళాలు, వెనక వైపు రక్తనాళాలు కలుసుకునే చోట రక్తం తక్కువగా ఉండే ఒక గీత ఉంది. రెండు ఊళ్ళ పొలాల మధ్య గట్టులాంటిది. నూరేళ్ళ కింద అమెరికాలో మాక్స్ బ్రోడెల్ అనే చిత్రకారుడు వైద్య గ్రంథాలకు బొమ్మలు గీస్తూ దాన్ని గుర్తించాడు. ఇప్పటికీ అది బ్రోడెల్ గీతే. డాక్టరు కానివాడి పేరు మా సర్జన్లందరి నోటా నానుతోంది.

సూది సరిగా పడిందంటే మూత్రం చుక్క కనపడుతుంది. సూదిలోంచి సన్నని తీగ వేసి, తీగ మీదుగా ఒకదాని కంటే ఒకటి లావైన గొట్టాలు పోనిచ్చి, దారిని చిటికెన వేలంత చేస్తాం. ఆ దారిలో దుర్భిణి వేసి, రాయిని పగలగొట్టి ముక్కలు లాగుతాం. కండరాలను కోయం, పక్కకు తోస్తామంతే. అన్నీ సవ్యంగా ఉంటే మనిషి మూడు నాలుగు రోజుల్లో ఇంటికెళ్తాడు. తేలిక పనులు రెండు వారాల్లో మొదలుపెడతాడు.

ప్రమాదం లేదా? ఉంది. చిన్న రంధ్రం అంటే చిన్న ఆపరేషన్ అనుకోకండి. రక్తస్రావం కావచ్చు, ఇంటికెళ్ళిన వారం పది రోజులకు కూడా ఎర్రగా మూత్రం పడొచ్చు. అప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని కూర్చోకుండా వెంటనే రావాలి. పక్కటెముకకు పైనుంచి గుచ్చాల్సి వస్తే ఊపిరితిత్తి పొర తగలొచ్చు. అరుదుగా పెద్దపేగు అడ్డు రావచ్చు. రాతిలో దాగిన క్రిములు రక్తంలోకి వెళ్ళి తీవ్రమైన జ్వరం రావచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయిస్తాం. దరఖాస్తుతో వచ్చే ఖర్చు చీటీలో ఆ పరీక్ష అనవసరమని మనవాళ్ళెవరో కొట్టేశారట. దయచేసి దాన్ని కొట్టేయకండి.

బోర్లా పడుకోబెట్టడం అందరికీ పనికిరాదు. లావు మనుషులు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు మత్తులో బోర్లా ఉంటే ఊపిరి కష్టం. మత్తు డాక్టరుకు గొంతులోని గొట్టం అందదు. దీనికి 1980ల చివర్లో స్పెయిన్‌లోని సరగోసాలో వాల్దివియా అనే డాక్టరు రోగిని వెల్లకిలానే ఉంచి, నడుము కింద చిన్న దిండులాంటిది పెట్టి పక్క నుంచి గుచ్చడం మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. ఒక్కసారి పడుకోబెడితే కింది దారి, పక్క దారి రెండూ అందుబాటులో ఉంటాయి, తిప్పే పని లేదు. బోర్లానా వెల్లకిలానా అని మా వాళ్ళు సభలు పెట్టి వాదించుకుంటారు. నా మట్టుకు, చేసే సర్జన్‌కు ఏది బాగా అలవాటో అదే రోగికి మంచిది.

రంధ్రాన్ని ఇంకా సన్నం చేసిన వాళ్ళలో మన దేశం వాళ్ళు ముందున్నారు. గుజరాత్‌లోని నడియాద్‌లో ఒక ట్రస్టు నడిపే ముల్జీభాయ్ పటేల్ ఆస్పత్రిలో డాక్టర్ మహేశ్ దేశాయ్ బృందం 2011లో, దారి వెడల్పు చేయకుండా లావుపాటి సూదిలోంచే చూస్తూ చిన్న రాళ్ళను పొడిచేసే పద్ధతిని ప్రకటించింది. దాతల సంస్థ కిందనే ఈ పని జరిగిందని మీరు గుర్తుంచుకోవాలని చెబుతున్నాను.

కోతే లేదనే మూడో రకం గురించి ఎక్కువ చెప్పను. రెండున్నాయి. 1980లో మ్యూనిక్‌లో మొదలైన షాక్‌వేవ్ పద్ధతిలో బయటి నుంచే తరంగాలతో రాయిని పగలగొడతారు. ముక్కలు మూత్రంలో వాటంతటవే రావాలి. చిన్న రాళ్ళకే అది. రెండోది, కింది దారిలోంచి వంగే సన్నని దుర్భిణి పంపి లేజర్‌తో రాయిని పొడి చేయడం. రెండు సెంటీమీటర్ల లోపు రాళ్ళకు బాగుంటుంది. పరికరం ఖరీదైనది, సున్నితమైనది. అందుకే బిల్లు ఎక్కువ. ఇక నాలుగైదు మిల్లీమీటర్ల రాయి చాలావరకు దానంతటదే పడిపోతుంది. దానికి ఆపరేషన్ చేయించమని ఎవరైనా దరఖాస్తు పెడితే, ముందు ఇంకో డాక్టరుకు చూపించమనండి.

రాయి కాకుండా కిడ్నీయే పాడైపోతే? చీముగడ్డ అయినా, కాన్సర్ అయినా, మొత్తం తీసేయాలంటే రంధ్రం చాలదు. 1990లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాల్ఫ్ క్లేమన్ లాపరోస్కోపీతో మొదటిసారి కిడ్నీ తీశాడు. రోగి 85 ఏళ్ళ వృద్ధురాలు. దాదాపు ఏడు గంటలు పట్టింది. ఆ వార్త వచ్చినప్పుడు మా పెద్ద ప్రొఫెసరు ఒకాయన, "గంటలో అయ్యే పనికి ఏడు గంటలెందుకయ్యా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తప్పే.

క్లేమన్ పొట్ట వైపు నుంచి వెళ్ళాడు. అలా వెళ్తే పేగుల్ని జరపాలి. వీపు వైపు నుంచి వెళ్దామంటే అక్కడ ఖాళీ లేదు, అంతా కొవ్వు. దుర్భిణి వేస్తే పొగమంచులో లారీ నడిపినట్టే. ఈ చిక్కు విప్పింది బొంబాయి డాక్టర్ దుర్గా గౌర్. 1992లో ఆయన చేసింది వింటే మీకు నవ్వొస్తుంది. సర్జన్లు చేతికి తొడుక్కునే రబ్బరు తొడుగును ఎర్ర రబ్బరు గొట్టానికి కట్టాడు. చిన్న కోతలోంచి దాన్ని కిడ్నీ వెనక్కి దూర్చి, బీపీ చూసే పంపుతో బెలూన్‌లా ఊదాడు. కొవ్వు పక్కకు జరిగి గది ఏర్పడింది. పేగు జోలికి పోకుండా కిడ్నీ ఎదురుగా కనపడింది. కంపెనీలు తర్వాత ఇలాంటి బెలూన్లను ఖరీదుగా అమ్మాయి. మన దేశంలో చాలామంది ఇప్పటికీ ఆ తొడుగే కడుతున్నారు. నేనూ కట్టాను.

1995లో బాల్టిమోర్‌లో బతికున్న దాత కిడ్నీని కూడా లాపరోస్కోపీతో తీశారు. బిడ్డకు కిడ్నీ ఇచ్చే తల్లికి డొక్క కోత తప్పింది. అయితే తీసినదాన్ని ముక్కలు చేయకుండా బయటికి తేవాలి కాబట్టి పొత్తికడుపులో చిన్న కోత ఉంటుంది. ఒక మాట, కొత్త కిడ్నీని పాతదాని చోట పెట్టరు. తుంటి ఎముక దగ్గర, పొత్తికడుపు పక్కన పెడతారు. అక్కడ రక్తనాళాలు అందుతాయి, మూత్రాశయం దగ్గర. పాత కిడ్నీలను మామూలుగా తీయరు. "మా అబ్బాయికి మూడు కిడ్నీలున్నాయంట, స్కానింగ్ తప్పేమో" అని ఒక పెద్దమ్మ నా దగ్గరికొచ్చింది. తప్పు కాదమ్మా అని చెప్పి పంపాను. అవయవదానం షరియత్ ప్రకారం ఎంతవరకు అన్నది ఉలమాలు చెప్పాలి, నేను చెప్పను.

ఇంతా విని, డొక్క కోత చేసే సర్జన్ పాతకాలం వాడని తీర్మానించకండి. చుట్టూ గట్టిగా అతుక్కుపోయిన చీము కిడ్నీ, పెద్ద రక్తనాళంలోకి పాకిన కాన్సర్, లాపరోస్కోపీ మధ్యలో ఆగని రక్తం, వీటికి ఇప్పటికీ కోతే ప్రాణం కాపాడుతుంది. రంధ్రంతో మొదలుపెట్టి కోతకు మారాడంటే అది ఓటమి కాదు.

చివరగా అసలు విషయం. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో బట్టీ పనివాడికి రాయి తీశాం. అందరికీ వేసినట్టే కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా స్టెంట్ అనే సన్నని ప్లాస్టిక్ గొట్టం వేశాం. అది కొన్ని వారాలే ఉండాలి, మూడు నెలలు దాటనివ్వకూడదు. తీయడం పది నిమిషాల పని, కోత ఉండదు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో రాశాం. అతనికి చదువు రాదు. నొప్పి పోయింది, రాయి పోయింది, పనిలోకి వెళ్ళాడు. రెండేళ్ళకు జ్వరంతో వచ్చాడు. గొట్టం రెండు చివరలా గుడ్డంత రాళ్ళు పేరుకున్నాయి. కిడ్నీ చీముపట్టి పోయింది. చివరికి డొక్క కోసి దాన్ని తీసేశాను. అంత సన్నని దారిలో వెళ్ళి కాపాడిన కిడ్నీని అంత పెద్ద దారిలో బయటికి తీశాను. "గొట్టం ఉందని ఒక్క మాట చెబితే బస్సెక్కి రానా సార్" అన్నాడు. ఆపరేషన్ చేసింది నేనే. చెప్పాల్సిందీ నేనే.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో రాళ్ళ ఆపరేషన్లు ఉన్నాయి. కార్డున్నవాడికి ఆపరేషన్ బిల్లు మనం కట్టక్కరలేదు. కట్టేముందు కార్డు ఉందో లేదో అడగండి. మిగిలిన సొమ్మును పథకం చూడని చోట పెట్టండి. తోడుగా వచ్చినవాళ్ళ తిండి, మందులు, ఇంట్లో కూర్చున్న వారాల బియ్యం. వీటన్నిటికంటే ముందు ఒక నోటు పుస్తకం కొనండి. మనం సాయం చేసిన ప్రతి కిడ్నీ రోగి పేరు, ఫోన్ నంబరు, స్టెంట్ వేసిన తేదీ, తీయాల్సిన తేదీ అందులో ఉండాలి. తీయాల్సిన తేదీకి వారం ముందు మన కుర్రాళ్ళలో ఒకరు ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే ఆ ఊరి మస్జిద్ కమిటీకి కబురు పెట్టాలి. బస్సు ఛార్జీ ఇవ్వాలి. మొదటి పుస్తకం నేను తెచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తున్నాను. ఈ ఏడాది సాయం అందుకున్న వాళ్ళలో ఎవరెవరికి స్టెంట్ ఉందో ఇవాళ సాయంత్రమే రాయడం మొదలుపెడదాం. భోజనాల తర్వాత నేను ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. డిశ్చార్జి కాగితాలు ఉన్నవాళ్ళు పట్టుకురండి.